ఎల్లారెడ్డి షెడ్డులో కొడవళ్ళ వెన్నెముక

పాతికేళ్ళ కింద కామారెడ్డిలో ఒక సభ జరిగింది. రాజేశానికి శాలువా కప్పుతూ, నీ బొమ్మలకు శాశ్వతంగా ఒక గది ఇప్పిస్తానని అధ్యక్షుడు మైకులో మాట ఇచ్చాడు. గది రాలేదు. ఆ ఫోటో పుణ్యాన అధ్యక్షుడికి మాత్రం రెండు పదవులొచ్చాయి.

రాజేశం ఎల్లారెడ్డిలో ఉంటాడు. జనం పారేసిన కొడవళ్ళు, కాలిపోయిన బోరు మోటార్లు, సైకిల్ గొలుసులు ఏరుకొచ్చి, వెల్డింగ్ చేసి మనుషుల్ని నిలబెడతాడు. షెడ్డు యజమాని ఖాళీ చేయమన్నాడని, అన్నీ తుక్కుకు ఇచ్చేస్తున్నానని నాకు ఫోన్లో చెప్పాడు. కనీసం ‘నాట్లేసే మనిషి’నైనా కాపాడుకుందామని బయలుదేరాను. నడుం వంచిన ఆడమనిషి బొమ్మ అది. వెన్నెముక మొత్తం అరిగిన కొడవళ్ళే.

పొద్దున ఏడింటికి కామారెడ్డి బస్టాండు దగ్గర నీళ్ళ చట్నీతో ఇడ్లీ తిని, లింగంపేట మీదుగా పోయే బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం, టికెట్ వంద లోపే. దారి పొడుగునా వరి కోతకొచ్చి ఉంది. ఏదీ కంటికి ఆనలేదు.

"ఎల్లారెడ్డిల ఏముందని పోతున్నవు బాపు?" అన్నాడు కండక్టరు.

"సాయంత్రానికి ఏముండదు. అందుకే."

షెడ్డు ముందు ఆటో దిగేసరికి ఖాజా భాయ్ తుక్కు బండి బొమ్మల తలలతో, చేతులతో సగం నిండింది. నాట్లేసే మనిషి మాత్రం కిందే ఉంది, నుదుట పసుపు కుంకుమలతో. పక్కింటి పోశవ్వ అమ్మవారనుకొని రోజూ పెట్టి పోతుందట.

"అది నాకొద్దన్నా," అన్నాడు ఖాజా భాయ్. "బొట్టు పెట్టినదాన్ని కోసిన అనుకో, రేపు ఊరంతా నా దుకాణం ముందటనే."

చిటికెడు పసుపు ఆమెను బతికించిందని సంతోషపడ్డాను. "ఉండనీ రాజేశం, నాలుగు రేకులేసి ఇక్కడే నిలబెడదాం."

"అది మా అవ్వన్నా. నాట్లేసి నాట్లేసి నడుం లేవకనే పోయింది. ఒక్కడన్న ఇదెవరని అడిగిండా? దండం పెట్టుడు షురూ అయినంక ఇగ ఆమెను ఎవడు చూస్తడు?"

గుడ్డను కిరసనాయిల్లో ముంచి నుదురు తుడిచాడు.

"పాపం తలుగుతదిరా!" అని పోశవ్వ గోడ అవతల నుంచి అరిచింది.

"తలగనీ అవ్వా."

ఖాజా భాయ్ అప్పటికీ ముట్టుకోలేదు. రాజేశం తల దిక్కు ఎత్తి, నన్ను కాళ్ళ దిక్కు పట్టమన్నాడు. పట్టాను. ఇద్దరం ఆమెను బండికెత్తాం.

శిల్పకళ మీద మా ఇంట్లో అలమరా నిండా పుస్తకాలున్నాయి. ఏ ఒక్కటీ ఆ బరువు గురించి చెప్పలేదు. ఒక గదంటూ ఉంటే ఆమె దేవతా అయ్యేది కాదు, తుక్కూ అయ్యేది కాదు. ఒక కూలి తల్లిగా, నడుం వంచుకొని అక్కడే ఉండేది. ఇటు వచ్చేవాళ్ళకు ఒక్క సలహా: సాయంత్రం కామారెడ్డి బస్సు స్టాండు లోపలే ఎక్కండి, నిండితే బయట ఆపరు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. తుక్కు బండి మా ముందే పోయింది. రాజేశం ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేను అంటాను. ఆనాడు మైకులో మాట ఇచ్చిన అధ్యక్షుడి పేరు దామోదరయ్య.