వెంకటరాజు ముక్కు

యానాం ఫరంపేటలో వెంకటరాజు ఇల్లు ఎక్కడని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తారు. ముక్కురాజు ఇల్లు అని అడిగి చూడండి, చిన్నపిల్లలు సైతం గుమ్మం దాకా తీసుకెళ్లి దిగబెడతారు. ఆ ముక్కు చూడ్డానికి మామూలు ముక్కే. కానీ పదిహేనేళ్లుగా దాన్ని నమ్ముకుని మనుషులు ప్రాణాలు వదిలేశారు, అంటే దాని చేతిలో పెట్టేశారని నా ఉద్దేశం.

రాజు ఆయిల్ ట్యాంకర్ ఓడల్లో పంప్‌మ్యాన్. విశాఖలోనో చెన్నైలోనో పెట్రోలు, డీజిలు ఎక్కించుకుని మన తీరం వెంబడే ఇంకో రేవుకి చేరవేసే ఓడలవి. ఒక సరుకు దించి వేరే సరుకు ఎక్కించే ముందు మనుషులు ట్యాంకులోకి దిగి అడుగున మిగిలింది తుడవాలి. దిగేముందు లోపలి గాలిని మీటరుతో కొలవాలి. అది రూలు. కొలిచాక రాజు ట్యాంకు మూత దగ్గర వంగి, రెండుసార్లు గాలి పీల్చి, ఏ వాసనా రాకపోతే తల ఊపాలి. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఒకసారి మీటరు బాగుందన్న చోట రాజు తల అడ్డంగా తిప్పాడు, మళ్లీ కొలిస్తే లోపల గ్యాసు ఉంది. అప్పటినుంచి అతను తల ఊపితే గాని నిచ్చెన మీద ఎవరూ కాలు పెట్టలేదు. పోనుపోను, రాజు ఉన్నాడుగా అని మీటరు సంగతే కొన్నిచోట్ల మర్చిపోయారు.

రాజు చేరినప్పుడు ఆ కంపెనీకి ఉన్నది తుప్పు పట్టిన ఒకే ఒక్క ఓడ. తర్వాత రెండు, ఐదు, తొమ్మిది. అన్నీ ఎవరో వాడి వదిలేసినవే. కొన్నప్పుడల్లా ఆఫీసువాళ్లు కొబ్బరికాయ కొట్టి మొదటి ఫోను రాజుకే చేసేవారు. అతని ఇంట్లో గోడ మీద కంపెనీ క్యాలెండరు ఉంది. ఈ ఏడాది దాని మీద పదకొండు ఓడల బొమ్మలు. ఓడలు పెరిగినంత జోరుగా పనివాళ్లు పెరగరు కదా, ఆర్నెల్లకి రావలసిన సెలవు తొమ్మిది నెలలకి వచ్చేది. ఓడ యానాం ఎదురుగా పోతున్నప్పుడు ఫోనుకి సిగ్నలు తగిలేది. ఆ కాసేపట్లోనే భార్య సుమతో సంసారం అంతా మాట్లాడుకోవాలి.

సుమ తమ్ముడు నాగసాయిని ఓడ పనిలో పెట్టింది కూడా రాజే. "మీ కళ్ల ముందే ఉంటాడు, నాకేం బెంగ లేదండి," అంది సుమ అప్పట్లో.

మొన్న సెలవుకి వచ్చేముందు ఒడిశాలోని పారాదీప్ రేవులో ట్యాంకులోంచి పైకొచ్చి నాగసాయి కళ్లు తిరిగి కక్కుకున్నాడు. ఎండదెబ్బ అనుకున్నారు అందరూ. రాజే మజ్జిగ కలిపి దగ్గరుండి తాగించాడు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు పొద్దున్న రాజు స్నానం చేసి, దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగిద్దామని అగ్గిపుల్ల తీశాడు. పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన సుమ అతని చేతి మీద ఒక్కటి కొట్టింది. అగ్గిపెట్టె ఎగిరి అంత దూరాన పడింది.

"ఇల్లంతా గ్యాసు కంపు కొట్టేస్తుంటే పుల్ల గీస్తారేంటండీ! తెలీట్లేదా?"

తెలియలేదు. "జలుబు చేసిందిలే," అన్నాడు రాజు. అతనికి జలుబు లేదు. ఆ సాయంత్రం బజారుకి పోయి ఎండుచేపలు ముక్కుకి ఆనించుకుని నిలబడ్డాడు. అమ్మే సత్యవతమ్మ, "కొంటావా, ముద్దెట్టుకుంటావా?" అని నవ్వింది. ఇంటికొచ్చి ఫినాయిలు సీసా మూత తీశాడు, కిరసనాయిలు గుడ్డ మీద పోసుకున్నాడు. మంచినీళ్లకీ వాటికీ తేడా లేదు.

కాకినాడలో డాక్టరు లైటు పెట్టి చూసి, వాసన తెలిపే నరం పోయిందనీ, ఇక రాదనీ చెప్పాడు. ఏళ్ల తరబడి పీల్చిన గ్యాసే కొంచెం కొంచెంగా తినేసి ఉంటుందట. ఎన్నాళ్లయి ఉంటుందని అడిగితే, "ఏడాది అయ్యుండచ్చు," అన్నాడు. తిరుగు బస్సులో రాజు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. లెక్క పారాదీప్ నాటికి వచ్చేసరికి చెయ్యి ముడిచేశాడు.

సుమకి చెప్పలేదు. చెబితే ఆమె మొదట అడిగేది తమ్ముడి గురించే. వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఫోను. "రాజూ, పన్నెండోది కొన్నాం! విశాఖ బయట నిలబెట్టాం, రేపు ఎక్కెయ్యి. నాగసాయిని ముందే పంపించాం." ఒంట్లో బాగోలేదని చెప్పబోయాడు. నువ్వు లేకపోతే ఎలా అన్నారు. మీటరు ఉంటుందిలే, దాన్ని చూసి చెప్పచ్చులే అని తనకి తాను సర్దిచెప్పుకుని బయల్దేరాడు. ఆ పిరికితనానికి నేను సాకు వెతకను.

ఓడ ఎక్కాక మొట్టమొదట మీటరు ఎక్కడని అడిగాడు.

"సర్వీసుకి వెళ్లింది, రావడానికి రెండు రోజులు పడుతుంది," అన్నాడు ఆఫీసరు. "రేపే సరుకు ఎక్కించాలి. నువ్వున్నావుగా, ఇంక మీటరెందుకు?"

మూడో నంబరు ట్యాంకు మూత తీశారు. ఆరుగురు చుట్టూ నిలబడి అతని తలకేసి చూస్తున్నారు. రాజు వంగి పీల్చాడు. ఏ వాసనా లేదు. మళ్లీ పీల్చాడు. ఏ వాసనా లేదు. పదిహేనేళ్లుగా ఏ వాసనా లేకపోతేనే తల ఊపుతూ వచ్చాడు. అలవాటు చొప్పున మెడ దానంతటదే కిందికి వంగింది. అది చూసి నాగసాయి చటుక్కున నిచ్చెన రెండు మెట్లు దిగేశాడు.

రాజు ముందుకు పడి అతని కాలరు దొరకబుచ్చుకున్నాడు.

"దిగకు! నాకు వాసన తెలీదురా. ముక్కు పోయింది."

వేళాకోళం అనుకుని ఇద్దరు నవ్వారు. రాజు ఏడుస్తుండడం చూసి ఆపేశారు. ఆఫీసరు ఏదో అరుస్తూ ఆఫీసుకి ఫోను చేయడానికి పోయాడు. నాగసాయి మెట్ల మీదే, నడుం దాకా ట్యాంకులో ఉండి, తలెత్తి చూశాడు.

"ఎప్పట్నించి బావా?"

"ఏడాదై ఉంటుందన్నాడు డాక్టరు."

నాగసాయి కోపం తెచ్చుకున్నా బాగుండేది. చిన్నప్పుడు అక్క పెళ్లిలో రాజు వేలు పట్టుకుని తిరిగినప్పటి గొంతుతోనే అడిగాడు.

"అయితే పారాదీప్‌లో నాకు తగిలింది ఎండదెబ్బ కాదా బావా?"

రాజు అతన్ని పైకి లాగేశాక కూడా ఆ కాలరు వదల్లేదు.