ఓడ రాని శనివారం, రంగూన్‌లో ఆరు బాణాలు

విశాఖ నుంచి రైల్లో కలకత్తా, అక్కడి నుంచి విమానం. శుక్రవారం మధ్యాహ్నం రంగూన్‌లో దిగి గడియారం గంట ముందుకు తిప్పుకున్నాను. అక్కడ పగోడాలున్నాయి, నిజమే. నేను వెళ్ళింది మా ఆయన కోసం. సరుకు ఓడలో ఇంజనీరు, మనిషిని చూసి ఐదు నెలలైంది. శనివారం ఓడ రేవుకొస్తుందనీ, ఒక పూట దిగనిస్తారనీ కబురు పెట్టాడు. "సంచౌంగ్ పేటలో బాణాలు వేసే హాలుంది. ఆడవాళ్ళూ జంటలూ వస్తారు. కలిసి వేద్దాం" అన్నాడు. పదకొండేళ్ళుగా మా ఇద్దరి సరదా అదే. సినిమాలకు పోయింది తక్కువ.

బస లత అనే పేటలో, మూడో అంతస్తు. లిఫ్టు లేదు. కరెంటు ఉండే గంటల పట్టిక గోడకు అంటించి ఉంది, టార్చి తప్పనిసరి. సాయంత్రం ఆరింటికి మెసేజ్: "రేవులో చోటు లేదు. నది బయట లంగరేశాం. రేపు చూడాలి."

శనివారం ఏడింటికి వీధి చివర మోహింగా తిన్నాను. చేపల పులుసులో సేమియా లాంటిది, కమ్మగా ఉంది. ఎనిమిదిన్నరకు మేరీ వదినా, ఆమె భర్త డేనియల్ అన్నా టాక్సీలో వచ్చారు. కిందటిసారి ఓడ ఆగినప్పుడు మా ఆయనకు ఆ హాల్లోనే పరిచయమైన తెలుగువాళ్ళు. ఉండేది మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో. ముత్తాత శ్రీకాకుళం నుంచి రేవు పనికొచ్చాడట. నేను బర్మావాళ్ళ మర్యాద ప్రకారం "డా మేరీ" అంటే ఆవిడ నవ్వింది.

"డా ఏటమ్మా, వదినా అను. ఓడింకా రానేదా?"

"లేదు వదినా."

"వస్తాదిలే. ఈలోగా బాణాలేద్దాం రా."

హాల్లో పదిమందికి పైగా ఉన్నారు. ఒక కుర్రజంట ఒకే విల్లును మార్చి మార్చి వేసుకుంటూ పోట్లాడుకుంటున్నారు. నా వంతు వచ్చేదాకా వాళ్ళకు దూరంగా కూర్చున్నాను.

పదింటికి నా వంతు. ఆరు వేశాను, నాలుగు బోర్డు నడిమి పసుపులో పడ్డాయి. ఈల మోగింది. అందరూ బోర్డుల దగ్గరికెళ్ళి ఎవరి బాణాలు వాళ్ళు పీక్కొచ్చారు. నేను గీత మీదే ఉన్నాను. మా పద్ధతి వేరు. నేను వేస్తే ఆయనే వెళ్ళి పీకి తెస్తాడు, ఆయన వేస్తే నేను. ఎవరి తప్పు వాళ్ళకి కనపడదని మొదట్లో అలా పెట్టుకున్నాం, అదే అలవాటైంది. నా బాణాలు బోర్డులో ఉండగా ఇంకెవరూ వెయ్యడానికి లేదు.

"ఏటమ్మా, బాణాలు తెచ్చుకోవేటి? అందరూ నీకోసమే ఆగిపోనారు" అంది వదిన.

"మా ఆయన తెస్తాడు" అనేశాను.

ఎవరూ నవ్వలేదు. "ఉండమ్మా, నానట్టుకొస్తాను" అని డేనియల్ అన్న కదిలాడు. వద్దన్నా అని నేనే వెళ్ళాను. ఏడవాలంటే ఆ బోర్డుకు మించిన చోటు లేదు, జనమంతా వీపు వెనకే ఉంటారు. ఆరు బాణాలు పీకడానికి చాలాసేపు తీసుకున్నాను.

పన్నెండున్నరకు వాళ్ళింట్లో అన్నం తింటుంటే కబురొచ్చింది. ఓడకు సోమవారం చోటు దొరకొచ్చట, అదీ ఖాయం కాదు. నా విమానం ఆదివారం. మంగళవారం నేను పాఠాలు చెప్పే బళ్ళో పిల్లలకు పరీక్షలు, ఉండిపోవడానికి వీల్లేదు. ఆయన కోసం తెచ్చిన మాగాయ సీసా వదిన చేతికిచ్చాను.

"ఇత్తాను గానీ, సగం మేం తినేసి ఇత్తాం" అందావిడ, నా కళ్ళు చూడకుండా.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి నా రైలు బరంపురం దాటుతుంటే ఫోను మోగింది. ఆయన అప్పుడే రంగూన్ రేవులో దిగాడు. "ఒక్కరోజు ఆగాల్సింది" అన్నాడు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఆయన గొంతు దగ్గరగా వినిపిస్తుంటే రైలు మాత్రం నన్ను ఇంకా దూరం లాక్కుపోతోంది.

రంగూన్ మంచి ఊరు, మనుషులు ఇంకా మంచివాళ్ళు. వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదొకటే, ఓడ తేదీ నమ్మి టికెట్ కొనకండి. ఆ ఓడ మళ్ళీ రెండు నెలలకు అక్కడికే వస్తుందట. ఫోను పెట్టేయగానే ఆ వారానికి విమానాలున్నాయేమో చూశాను.