గుడి గోడకు సిమెంటు పూత

మెట్‌పల్లి దగ్గరి మా ఊళ్ళో చర్చిని అందరం గుడి అనే అంటాం. నిజాం కాలంలో ఒక పాదిరి దొర పూనుకుంటే మా తాత, ఆయన ఈడువాళ్ళు గుట్ట నుంచి రాయి మోసి, గానుగలో నూరిన డంగు సున్నంతో కట్టారు. ఏటా క్రిస్మస్‌కు ముందు ఇంటికొకరు వచ్చి దానికి సున్నం వేయడం ఆనవాయితీ. మగవాళ్ళు నిచ్చెనలెక్కేవాళ్ళు, ఆడవాళ్ళం కింద నిలబడి వంకలు పెట్టేవాళ్ళం.

మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. ఎనభైల్లో మా బాపు సంఘ పెద్ద అయ్యాడు. అయ్యాడో లేదో, ఆయనకు సోకు పుట్టింది. పక్క ఊరి కొత్త చర్చిలా మనదీ నున్నగా ఉండాలని పాత గోడలకు సిమెంటు పూయించాడు. బంగారమసొంటి గోడకు గీ సోకెందుకని మా అవ్వ మొత్తుకుంది. ఆయన వింటేనా! ఆ క్రిస్మస్‌కు వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే ఆయన కాలు నేలమీద ఆనలేదు.

వానాకాలం వచ్చేసరికి పడమటి గోడ ఉబ్బింది. కప్పు నుంచి కిటికీ దాకా వేలు దూరేంత పగులు. జగిత్యాల నుంచి వచ్చిన ఓవర్సీరు కిందనుంచే చూసి, గోడ పోయింది, దించాల్సిందే, లోపల ఎవరూ కూర్చోవద్దు అన్నాడు. ఆరాధన బయట పందిట్లోకి మారింది. బాపుకు తిండి సయించలేదు, కంటిమీద కునుకు లేదు. నాకు మొదట ఒళ్ళు మండింది కానీ, ఆ ముఖం చూశాక కోపం నిలవలేదు.

“మా బాపు కట్టిన గుడి నా చేతుల కూలవట్టె,” అన్నాడొకనాడు అవ్వతో.

గోడ దించే రోజు, ముందుగా టేకు కిటికీ ఊడదీద్దామని మేస్త్రీ గడ్డపారతో పొడిచాడు. ఆ అదురుకు పూతంతా పెద్ద పలకలా ఊడి దభీమని పడింది. అయిపోయింది దేవుడా అనుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఎదురుగా తాత మోసిన నల్లరాయి, సున్నపు అతుకులు. వెంట్రుకంత సందు లేదు. పని చూడ్డానికి వచ్చిన ఓవర్సీరు నిచ్చెనెక్కి రాయిరాయినీ తట్టి చూశాడు. గోడలోని తడి బయటికి పోయే దారిలేక, పైన పూత ఉబ్బి పగిలిందట.

“గోడ పలగలే. మీ సిమెంటే పలిగింది. గా పూత తీసేయుండ్రి,” అన్నాడు నవ్వుతూ.

ఆడవాళ్ళం సంతోషం పట్టలేక ఏడ్చేశాం. పనివాళ్ళతో సహా అందరం అప్పుడే లోపలికెళ్ళి కూర్చున్నాం. పాస్టరు అయ్యగారు కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. సగంలో గురక వినబడింది. చూస్తే మా బాపు ఆ పడమటి గోడకే వీపు ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అయ్యగారు గొంతు తగ్గించి ప్రార్థన సాగించారు.