పచ్చచుక్కకు మా నాన్న కాపలా

ఒక సామ్రాజ్యం ఎలా కూలిపోయిందో చెబుతాను. ఇందులో కాపలా ఉంది, కోవర్టు ఉన్నాడు, ముగ్గురు వృద్ధవీరులున్నారు, పట్టపగలు నిద్రపోతూ దొరికిపోయిన ఒక యువరాజున్నాడు. చదివాక మీకు రెండు పూటలు అన్నం సయించదు.

అంత లేదు. సామ్రాజ్యమంటే మా ఇంటి వెనకగదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక బల్ల, దాని మీద కంపెనీవాళ్లిచ్చిన లాప్‌టాప్. యువరాజంటే నేను. మీరు హాయిగా భోంచేసి రండి, ఈలోపు ఎక్కడికీ పోను.

మేం కూర్మన్నపాలెంలో ఉంటాం. నా కంపెనీ ఆఫీసు మధురవాడలో. ఈ రెండింటికీ మధ్య విశాఖపట్నం ఉంది. అంటే మొత్తం ఉంది. ఊరిని దుప్పటిలా ఇద్దరు పట్టుకుని దులిపితే ఒక కొస మేం, ఇంకో కొస మా ఆఫీసు. బస్సులో పోనూ రానూ మూడు గంటల పైమాటే. అందుకే ఇంటినుంచి పని అన్న మాట పుట్టినప్పుడు నాకు మోక్షం అంటే ఏమిటో తెలిసింది. మూడేళ్ల కిందటి మాట ఇది. అప్పుడు నాకు ఇరవై ఐదు, తెలివి అందులో సగం.

నా పని ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతకడం. రోజంతా బటన్లు నొక్కుతాను. బటను పనిచేస్తే నిరాశ, చేయకపోతే సంబరం. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని మా నాన్నకి అర్థమయ్యేలా చెప్పడం ఇంతవరకు నావల్ల కాలేదు. ఆయన ముప్పై నాలుగేళ్లు స్టీల్ ప్లాంటులో, బ్లాస్ట్ ఫర్నేసు కంట్రోల్ రూములో చేసి రిటైరయ్యాడు.

"ఇవాళ ఏటి సేసావురా?" అనేవాడు సాయంత్రం.

"ఒక బటను పని చేయటం లేదని కనిపెట్టాను నాన్నా."

"బాగుసేసావా?"

"లేదు. బాగుచేసేవాళ్లకి చెప్పాను."

"మరి ఆలు బాగుసేసారా?"

"అది బటనే కాదు, బొమ్మ అని జవాబిచ్చారు."

ఆ రోజు నాన్న పార్కుకి వెళ్లలేదు. వెళ్తే ఏం జరుగుతుందో ఆయనకి తెలుసు. కాలనీ పార్కులో ఒక సిమెంటు బెంచీ ఉంది. దాని మీద రోజూ అయిదింటికి ముగ్గురు కూర్చుంటారు: మా నాన్న, పోర్టులో క్రేను నడిపి రిటైరైన సన్యాసినాయుడు మావయ్య, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఈశ్వర్రావు మాస్టారు. ఆ ఆరునెలలుగా వాళ్ల ముందున్న సమస్య ఒక్కటే. ఇంటినుంచి పనిచేసేవాళ్లు నిజంగా పనిచేస్తారా?

"బావా, మీవోడు డ్యూటీకి ఎల్తన్నాడేటి?" మొదలుపెట్టేవాడు నాయుడు మావయ్య.

"ఇంట్లోనే సేత్తన్నాడు."

"ఇంట్లో అయితే నానూ సేత్తన్నాను. పొద్దున్న బెండకాయలు కోసీసాను. దాన్ని డ్యూటీ అంటారేటి?"

"కాలం మారిందండీ నాయుడుగారూ," అనేవారు మాస్టారు. "ఇప్పుడు పనంతా కంప్యూటర్లోనే."

"మారితే మారింది మాస్టారూ. ముప్పై ఏళ్లు క్రేను తోలాను. ఒక్కరోజైనా ఇంటికాడ నుండి తోలానేటి? ఓడ మా పెరట్లోకి ఒచ్చిందేటి? గేటు లేదు, సైరను లేదు, సెమట లేదు. కూకుని సేసే పనికి కొండలు కరగవు బావా."

మాస్టారు మధ్యేమార్గంగా నాకు నూటికి ముప్పై అయిదు వేసి పాస్ చేసేవారు. నాన్న లేచేవాడు. చెప్పులు చూసుకుంటూ ఇంటికి వచ్చేవాడు.

ఇక్కడ కథలోకి మా మేనేజరు రోహిణి గారు ప్రవేశిస్తారు. నెమ్మదైన మనిషి. గొంతు పెంచగా ఎవరూ వినలేదు, అందుకే ఆవిడంటే అందరికీ భయం. ఒక సోమవారం పొద్దున్న ఆవిడ అన్న మాట ఇది: "మళ్లీ అందర్నీ ఆఫీసుకి రమ్మంటున్నారు. టీముకి ఇద్దరికి మాత్రం ఇంటినుంచి పనికి అనుమతి ఇవ్వొచ్చు. రెండు వారాలు అందరి పనీ చూసి పేర్లు పంపుతాను."

ఆ ఇద్దరిలో ఒకడిని నేను కావాలి. కాకపోతే మధురవాడ. నా జీవితంలో మరో లక్ష్యం లేదు, నిజం చెబుతున్నాను.

ఆవిడ ఏం చూస్తారు? వయసులో సగమే తెలివి ఉన్న ఆ కుర్రాడు ఆలోచించాడు. మా ఆఫీసు చాట్‌లో ప్రతివాడి పేరు పక్కన ఒక చుక్క ఉంటుంది. మనిషి సీట్లో ఉంటే పచ్చ. అయిదు నిమిషాలు మౌస్ కదలకపోతే పసుపు. ఇంకేముంది, చుక్కే చూస్తారు. చుక్క పచ్చగా ఉంటే మనం పచ్చగా ఉంటాం.

పొద్దున్న బాధ లేదు. మధ్యాహ్నంతోనే తంటా. మా అమ్మ నెత్తళ్లు అనే చిన్నచేపల కూర వండుతుంది. అది తిన్నాక మేలుకుని ఉండటం అంటే వంటచేసిన ఆవిడని అవమానించడమే. ఒకటిన్నర అయ్యేసరికి నా తల సింహాచలం మెట్లు దిగుతున్నట్టు ఒక్కో మెట్టు కిందికి పోయేది. రెండు గంటల నిద్ర, తప్పదు. మరి మౌస్?

"నాన్నా, చిన్న సాయం. నాలుగు నిమిషాలకోసారి దీన్ని కాస్త కదపాలి."

"నువ్వేటి సేత్తావ్?"

"కొంచెం నడుం వాలుస్తాను."

"నువ్వు పడుకుంటే, పని జరుగుతున్నట్టు నాను సూపించాలా? అది తప్పు కాదేటిరా?"

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం గమనించండి. ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. తరవాతి షిఫ్టు మనిషి వచ్చి సీట్లో కూర్చునేదాకా ముందు మనిషి లేవకూడదు. ఆ వచ్చేవాణ్ణి రిలీవరు అంటారు. రిలీవరు రాకపోతే ఆ షిఫ్టు కూడా వీడే చేయాలి. ఫర్నేసు చల్లారకూడదు, సీటు ఖాళీగా ఉండకూడదు. ఈ పద్ధతి వల్ల నాన్న నా పుట్టినరోజులు మూడు, సొంత చెల్లెలి పెళ్లిలో తాళికట్టిన ఘట్టం చూడలేదు. అలాంటి మనిషితో నేనన్నాను కదా:

"తప్పెందుకవుతుంది నాన్నా. నువ్వు నా రిలీవరువి."

నాన్న గడియారం చూశాడు. తరవాత లోపలికెళ్లి, రిటైరయ్యాక ముట్టుకోని ఖాకీ చొక్కా తొడుక్కుని, బూట్లేసుకుని వచ్చాడు. చంకలో ఒక పొడవాటి రూళ్ల పుస్తకం.

"సార్జి ఇవ్వు," అన్నాడు.

"అంటే?"

"ఏటి కండిషను? ఏదైనా పెండింగుందా? సెప్పకుండా ఎల్లిపోతే ఎలాగ?"

"చుక్క పచ్చగా ఉంది నాన్నా. అంతే."

"పచ్చ," అని రాసుకున్నాడు. నేను వెళ్లి పడుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో గెలిచేశాననుకున్నాను.

నాలుగు రోజులు స్వర్గం. ఒక్కసారి కూడా చుక్క పసుపుకి పోలేదు. నాన్న ఫర్నేసు ఉష్ణోగ్రత చూసినట్టు దాన్నే చూస్తూ కూర్చునేవాడు, రెప్ప కూడా గడియారం చూసి వేసేవాడు. ఒక్కటే నష్టం. డ్యూటీ తరవాత నడుం పట్టేసి పార్కుకి వెళ్లడం మానేశాడు. ఎందుకు రావట్లేదని నాయుడు మావయ్య ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నాను" అని పెట్టేశాడట. రిటైరైన మనిషికి డ్యూటీ ఏమిటి? శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇద్దరూ తనిఖీకి మా ఇంటికి వచ్చేశారు. నేను ముందుగదిలో, నెత్తళ్లు కడుపులో, నిద్రలో ఉన్నాను.

అమ్మ వచ్చి కుదిపింది.

"ఒరే, లెగు. నీ ఆఫీసోలు టీవీలోకి ఒచ్చీసారు. నాన్నతో మాటాడతన్నారు."

లుంగీ మీదే పరిగెత్తి గది గుమ్మం దగ్గర ఆగిపోయాను. చొక్కా లేదు, కెమెరా ఉంది. లోపల ముగ్గురు పెద్దలు గ్రూప్ ఫోటోకి కూర్చున్నట్టు వరసగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఖాకీ చొక్కాతో నాన్న. ఎదురుగా తెర మీద రోహిణి గారు. కంట్రోల్ రూములో ఫోను మూడో రింగు లోపల ఎత్తాలని నాన్న నియమం. ఆవిడ వీడియో కాల్ రెండో రింగుకే ఎత్తేశాడట.

"పైడిరాజు లేరాండీ?" అంటున్నారు ఆవిడ.

"రెస్టులో ఉన్నాడమ్మా. నాను రిలీవర్ని. అప్పారావు, రిటైర్డు, బ్లాస్ట్ ఫర్నేసు."

"రిలీవరా?"

"ఔనమ్మా. సీటు కాళీగా ఉండకూడదు కదా."

"చుక్క మాత్రం పచ్చగానే ఉందండీ," అని మాస్టారు సాక్ష్యం చెప్పారు.

నేను గుమ్మం చాటునుంచి రెండు చేతులూ ఊపాను. నాన్న చూడలేదు. నాయుడు మావయ్య చూసి, పలకరింపు అనుకుని చెయ్యి ఊపాడు.

"ఎన్నాళ్లనుంచి ఇలా?" అడిగారు ఆవిడ, అదే నెమ్మదైన గొంతుతో.

"మంగళారం నుండమ్మా. లాగ్‌బుక్కుంది. సదవమంటారా?"

పాఠకులారా, మీరైతే ఏం చేసేవారు? వెళ్లి వైరు పీకేవారు. నేను ఆ తలుపు చెక్కలో మేకులా దిగబడిపోయాను.

"చదవండి," అన్నారు ఆవిడ.

నాన్న కళ్లద్దాలు సవరించుకున్నాడు. "పదమూడూ నలభై. పైడిరాజు నుండి చార్జి తీసుకోబడినది. చుక్క పచ్చ. పదమూడూ నలభై నాలుగు. మౌస్ కదపబడినది. పదమూడూ నలభై ఎనిమిది. మౌస్ కదపబడినది. పద్నాలుగూ పది. ముందుగది నుండి గురక. మామూలు."

"ఇందాక నువ్వు మంచినీల్లకెల్తే నాను కదిపాను బావా," అన్నాడు నాయుడు మావయ్య. "అది రాసావా?"

"రాసాను. సంతకం పెట్టలేదు నువ్వు."

మావయ్య సంతకం పెట్టాడు. రోహిణి గారు ఆగారు.

"అప్పారావు గారూ, ఒకటి అడుగుతాను. మీ పుస్తకం ప్రకారం మీవాడు రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తాడు?"

ఆరునెలలుగా బెంచీ మీద తెగని లెక్క అది. అటుపక్క నాయుడు, ఇటుపక్క మాస్టారు, ఇద్దరూ నాన్న మొహంలోకి చూస్తున్నారు. ఎనిమిది అంటే చాలు. ఎనిమిది అను నాన్నా. ఇంతకాలం చెప్పులు చూసుకుంటూ ఇంటికొచ్చావు కదా, ఇవాళ ఒక్క అబద్ధం ఆడి తలెత్తుకో. నేను ఇంట్లో ఉండిపోతాను.

నాన్న వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. నేను పనిచేసిన గంటలు కూడా రాస్తున్నాడన్నమాట, వసారాలో కూర్చుని. యంత్రం ఎంతసేపు నడిచిందో రాయని షిఫ్టు ఆయన సర్వీసులో లేదు.

"మూడు గంటల నలభై నిమిషాలమ్మా," అన్నాడు.

నా కళ్ల ముందు మధురవాడ బస్సు వచ్చి ఆగింది.

"కానీ ఒకటి సెప్పాల," అన్నాడు మళ్లీ. "ఆ మూడూ నలభై మాత్రం తలెత్తడు. పిలిస్తే పలకడు. టీ సల్లారిపోయినా సూడడు. అది కూడా రాసాను."

నాయుడు మావయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మూడూ నలభయ్యా? నిజంగానేటి? నాను సున్నా అనుకున్నాను బావా."

"నాది తప్పు మార్కు," అన్నారు మాస్టారు. "నలభై అయిదు ఇవ్వాల్సింది."

నా ఉద్యోగ జీవితంలో అదే మొదటి విజయం. అరనిమిషం నిలిచింది. రోహిణి గారు నాన్నకి నమస్కారం పెట్టి, ఫోను పెట్టేశారు.

సాయంత్రం మెయిల్ వచ్చింది. పైడిరాజు సోమవారం నుంచి మధురవాడ ఆఫీసుకి రావలెను. నేను ఆవిడకి ఫోను చేసి బతిమాలాను. మేడమ్, మూడూ నలభైని ఆరు చేస్తాను, ఏడు చేస్తాను, నెత్తళ్లు మానేస్తాను.

"మూడూ నలభై సమస్య కాదు పైడిరాజూ," అన్నారు ఆవిడ. "అంతసేపు తలెత్తకుండా చేసేవాడు టీములో ఇంకొకడు లేడు. పేర్లలో నీది పైనే రాశాను. కానీ బయటి మనుషులు ముగ్గురు, చూడకూడని క్లయింటు స్క్రీను ముందు కూర్చున్నారు. అది చూశాక నేను చేయగలిగింది లేదు."

"మరి ఆ చుక్క, మేడమ్?"

"ఏ చుక్క?"

"పచ్చచుక్క."

"అది ఎవరు చూస్తారు?" అన్నారు ఆవిడ. నిజంగానే తెలియక అడిగారు.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ముందే చెప్పానుగా సయించదని. నాన్నకి మెయిల్ చదివి వినిపించాను. తప్పు తనదేనేమో అని ఆయన పుస్తకం మొదటినుంచి చివరిదాకా మళ్లీ చూసుకున్నాడు. అందులో తప్పు లేదు. నేను అదే చెప్పాను.

ఆదివారం మావయ్యా మాస్టారూ స్వీటు పెట్టె పట్టుకుని వచ్చారు.

"ఏటి బావా, అల్లుడికి ఉజ్జోగం ఒచ్చిందట?" అన్నాడు నాయుడు మావయ్య.

నాన్న నా వైపు చూశాడు. నేను తలూపాను.

"ఒచ్చింది," అన్నాడు నాన్న. తలెత్తే అన్నాడు.

"గేటుంటాదా అల్లుడూ?"

"ఉంటుంది మావయ్యా. వేలిముద్ర కూడా వేయాలి."

"అదీ ఉజ్జోగమంటే," అని నా నోట్లో మైసూరుపాకు పెట్టాడు. పిల్లాడికి మొదటి అన్నం తినిపిస్తున్నట్టు ముగ్గురూ నా నోటి వంక చూశారు. మింగక తప్పలేదు.

కావున, కూర్మన్నపాలెం కాపురస్తుడనైన నేను పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేయుచున్నాను. ఇకమీదట నా సీటులో నా నీడను కూడా కూర్చోబెట్టను. నిజాయితీ గల మనిషిని అబద్ధానికి కాపలా పెట్టను. మౌస్ కదపనేల, మధురవాడ పోనేల అన్న సూక్తిని చావు ముందు నా పిల్లలకు చెప్పి పోతాను.

పొద్దున్న బస్సులో ఎడమవైపు కూర్చుంటే ఎండ పడదు. సాయంత్రం వచ్చేటప్పుడు కూడా ఎడమవైపే.