కోటగిరిలో నేను కట్టిన సముద్రం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. చేతిలో ఫోను, ఫోనులో వీడియోలు, నిజామాబాద్ బస్టాండు వెనక సందులో ఒక చిన్న దుకాణం, అందులో ఆరు గాజు తొట్లు, తొట్లలో గోల్డు ఫిష్షులు. వయసులో ఉన్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? (గిరాకీ కావాలి. అదొక్కటే లేదు.) మాది ఎడపల్లి. మా బాపు పసుపు, వరి పండించే రైతు. ఉన్న ఒక్క కొడుకు పొలం వదిలేసి చేపలకు మేత వేస్తూ కూర్చోవడం ఆయనకు మింగుడుపడలేదు. "తినే చాపలైతే సరే, గీ సూసే చాపలేందిరా?" అనేవాడు. అని అని విసిగిపోయి చివరికి గడువు పెట్టాడు. "పసుపు తవ్వే యాళ్లకు నీ దుకాణం నిలబడ్డదా, నీ ఇష్టం. లేదా, షట్టర్ గుంజి ఇంటికి రా. పసుపు ఉడకబెట్టనీకి మనిషి కావాలె." ఆ పొగ ముందు నిలబడి కళ్లు తుడుచుకోవడం ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచీ ఎరిగినవాణ్ని. ఎలాగైనా పసుపు తవ్వేలోగా ఒక పెద్ద పని పట్టాలి.

సరిగ్గా అప్పుడే ఒక ఆసామి దుకాణం మెట్లెక్కాడు. కోస్తా నుంచి వచ్చి బోధన్ చుట్టూ కాలువ కింద భూములు చేసుకుంటున్నవాళ్ల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. ఆయనది కోటగిరి పక్కన ఒక క్యాంపు. మనిషి పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, ఇంట్లో వినే మాట కాబట్టి యాస మాత్రం గోదావరి ఆ చివరిదే. "ఏవయ్యా, ఉప్పునీళ్ల అక్వేరియం కడతావా? కొత్తిల్లు కట్టాను. హాల్లో ఒక గోడంతా సముద్రం ఉండాలి. మా అమ్మ పుట్టింది సముద్రం ఒడ్డున. మోకాళ్లు పట్టేసి ఇక ప్రయాణాలు చెయ్యలేనంటోంది. ఆవిడ వెళ్లలేకపోతే సముద్రాన్నే ఇక్కడికి తెద్దామని," అన్నాడు.

"కడ్త సార్," అన్నాను. "ఇదివరకు కట్టావా?" "మస్తు కట్టిన." అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. ఆయన ముఖంలో ఏదో అనుమానం కనపడితే ఆగలేక, "వైజాగ్ల సముద్రం పక్కకే రెండేండ్లు పని చేసిన సార్," అనేశాను. నిజానికి నేను అప్పటిదాకా చూసిన అతి పెద్ద నీళ్లు పోచంపాడు డ్యాము. అదీ బడి వాళ్లు తీసుకుపోతే. ఆసామి ముఖం వెలిగిపోయింది. "అయితే మరీ మంచిది! సముద్రం కబుర్లు చెప్పుకోవడానికి మా అమ్మకు తోడు దొరికింది," అన్నాడు.

పని మాత్రం నిష్ఠగా మొదలుపెట్టాను, అబద్ధం చెప్పకూడదు కదా. క్యాలెండరు వెనక ప్లాను గీశాను. ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, అంతే ఎత్తు. కింద ఇనప స్టాండును బోధన్‌లో చెరుకు ట్రాలీలు వెల్డింగు చేసే షెడ్డులో చేయించాను. "దీని మీద ట్రాక్టర్ నిలబెట్టినా ఇటు నుంచి అటు కదలది," అని ఆ వెల్డరు ఒట్టేసి చెప్పాడు. మందపాటి గాజు హైదరాబాద్ నుంచి వచ్చింది. అద్దాలు అతికేటప్పుడు నా నీలం చొక్కా చేతిని కూడా సిలికాన్‌లో కలిపి అతికేశాను. కత్తిరించి బయటపడ్డాను గానీ, ఆ నీలం దారపు పోగు ఈరోజుకీ తొట్టి ఎడమ మూలలో ఉంది. నీళ్ల కోసం మినరల్ వాటర్ ప్లాంటుకు పోయి డెబ్బై క్యాన్లు చెప్తే, ఆ ప్లాంటాయన "ఒక్క ఇంట్ల ఎన్ని పెండ్లిళ్లు సార్?" అని అడిగాడు.

ఇదంతా మామ్మ చూస్తుండగా జరిగింది. మామ్మంటే ఆసామి తల్లి. ఎనభై దాటిన మనిషి. తొట్టి పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేది. నేను పాన పట్టుకోగానే, "ఏరా అబ్బాయ్, వైజాగులో నువ్వున్న చోట సముద్రం ఎలా ఉండేది?" అని మొదలెట్టేది. వీడియోల్లో చూసిందంతా అప్పచెప్పేవాణ్ని. నీలం రంగు, ఇసుక, ఓడలు, పొద్దుగూకడం. (తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోకి దిగడని అప్పటికి నాకు తట్టలేదు.) మామ్మ శ్రద్ధగా విని "ఆహా" అనేది. పంపు మోటారు బిగించినప్పుడు అది గుర్రుమని మోగింది. ఆసామి విసుక్కున్నాడు. నేను దాని చుట్టూ స్పాంజి చుట్టబోతే మామ్మ, "ఉండనీరా, దాని జోలికి పోకు," అంది. ముసలితనం, చెవులు సరిగా వినపడవేమో అనుకున్నాను.

ఇక ఉప్పు. సముద్రపు నీటికి సరిపడా ఉప్పు పొడి బకెట్లలో వచ్చింది. ఎంత కలిసిందో చూడ్డానికి వీడియోలో ఒకాయన చిన్న గొట్టం లాంటి మిషను మీద నీటిచుక్క వేసి, కన్ను పెట్టి చూశాడు. చూడగానే ఎగిరి గంతేశాను. అరె, ఇది మా మేనబావ దగ్గర ఉన్నదే! మా బావది చెరుకు తోటల్లో తిరిగే ఉద్యోగం. ఆ గొట్టం ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది. కొత్తది తెప్పించడం దేనికని అడిగి తెచ్చుకున్నాను. సముద్రంలో ఉప్పు నూటికి మూడున్నర అని చదివాను. మిషనులో గీత మూడున్నర మీదికి వచ్చేదాకా ఉప్పు కలిపాను. నెలరోజులు నీళ్లు, రాళ్లు మాత్రమే ఉంచాలి, అప్పుడే నీళ్లు చేపలకు పనికొస్తాయి. ఆ నెలంతా క్యాంపు జనం వచ్చి చూసి, "ఈ రాళ్లకేనా ఇంత కరెంటు?" అని పోయేవారు. నెల తిరిగాక చేపలు దించబోతుంటే మామ్మ, "ఆగు. గ్లాసులో కాసిని నీళ్లు పట్టుకురా," అంది. తెచ్చాను. వేలు ముంచి నాలిక మీద రాసుకుంది.

"చప్పగా ఉందిరా అబ్బాయ్."

"లేదు మామ్మా, మిషన్ల మూడున్నర సూపెడ్తున్నది. సముద్రంల గూడ గంతే ఉంటది."

"ఆ మిషను ఎప్పుడైనా సముద్రం చూసిందా?" అంది మామ్మ. ఆ ప్రశ్న మిషనును కాదు, నన్నే అడిగినట్టుంది. మాట మార్చి చేపలు దించేశాను.

నారింజ రంగు మీద తెల్ల చారల చేపలు హాయిగానే తిరిగాయి. వాటితోపాటు తెచ్చిన అనిమోన్ మాత్రం, అంటే రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకునే జీవి, విచ్చుకోనంది. రోజురోజుకూ ముడుచుకుని ఎండు నిమ్మకాయంత అయింది. నాలుగో రోజు, చేపలతోపాటు దించిన ఎర్ర రొయ్య చచ్చిపోయింది. లైటు మార్చాను, రాళ్లు జరిపాను, వీడియోలన్నీ మళ్లీ చూశాను. అవతల ఎడపల్లిలో పసుపు ఆకులు ఎండుతున్నాయి, తవ్వకం దగ్గరపడింది. ఈ తొట్టి చెడిందా, పేరు పోతుంది, దుకాణం పోతుంది, నేను పోయి పొగలో నిలబడాలి.

అలాంటి సమయంలో చెరుకు నరకడం మొదలైందని బావ తన మిషను కోసం నేరుగా క్యాంపుకే వచ్చాడు. "ఇన్ని దినాలు దీంతోని ఏం జేసినవ్‌రా?" "ఉప్పు సూసిన." బావ నా ముఖం చూశాడు, తొట్టి చూశాడు, పొట్ట పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు. "ఓరి నీ! గిది చెరుకు రసంల తీపి సూసేదిరా! గీ గీతలన్ని చక్కెరకు గీసినయి. ఉప్పుకు లెక్క వేరే ఉంటది!" చక్కెర లెక్కతో నేను సముద్రాన్ని కొలిచానన్నమాట. అందుకే ఉప్పు తక్కువై నీళ్లు చప్పగా ఉన్నాయి. ఆ నవ్వుకు ఆసామి లోపలి నుంచి వచ్చాడు. "ఏవిటా నవ్వు? ఆ పువ్వేంటి అలా ముడుచుకుపోయింది? రొయ్య కూడా చచ్చిందట! అసలు నీకీ పని వచ్చా?"

నేను నోరు తెరిచేలోగా మామ్మే అందుకుంది. "వాణ్నేమీ అనకు. ముందు చప్పగా పెట్టి, మెల్లమెల్లగా ఉప్పు పెంచమన్నది నేనే. వైజాగులో అలాగే చేస్తారు. కదరా అబ్బాయ్?"

"అవ్... అవును మామ్మా," అన్నాను. ఆసామి గొణుక్కుంటూ వెళ్లాడు. బావ తన మిషను జేబులో వేసుకుని జారుకున్నాడు. అప్పుడు మామ్మ కుర్చీ దగ్గరికి పిలిచింది. "సముద్రం ముఖం చూడలేదు కదూ నువ్వు?" తలవంచుకున్నాను. "మొదటిరోజే అనుకున్నాను. రంగు చెప్పావు, ఓడలు చెప్పావు. హోరు మాట ఒక్కసారైనా ఎత్తావా? దాని పక్కన రెండేళ్లున్నవాడికి ఆ హోరు చెవుల్లోంచి పోతుందిరా?" నేను చూసిన వీడియోలన్నిటికీ వెనక పాటలు పెట్టారు, సముద్రం గొంతు ఎవరూ విననివ్వలేదు. "మరి సార్కు ఎందుకు చెప్పలే మామ్మా?" అన్నాను. "చెబితే నిన్ను పంపించేసి ఇంకొకణ్ని తెస్తాడు. వాడు ముందు ఆ మోటారు చప్పుడు ఆపేస్తాడు," అంది మామ్మ.

ఆ వారమంతా పొద్దుటే కొంచెం ఉప్పు కలపడం, గ్లాసు పట్టుకుని మామ్మ ముందు నిలబడడం. "ఇంకా." "ఇంకాస్త." ఏడో రోజు చప్పరించి, "చాలు," అంది. ఎనిమిదో రోజు అసలు ఉప్పు మిషను హైదరాబాద్ నుంచి దిగింది. చుక్క వేసి చూశాను. గీత ఉండాల్సిన చోటే ఉంది. ఇంకో నాలుగు రోజులకు అనిమోన్ అరచేయంత విచ్చుకుంది, చారల చేపలు పోయి దాని ఒళ్లో కూర్చున్నాయి. ఎవరు చెప్పారో, బాపు వచ్చాడు. చెప్పులు విప్పి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. "మంచిగనే ఉన్నయ్," అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "పసుపుకు నేను ఇంకో మనిషిని సూస్కుంట తియ్," అన్నాడు.

దుకాణం నిలబడింది. 'వైజాగ్‌లో రెండు ఏండ్ల అనుభవం' అని బోర్డు కూడా రాయించాను (సిగ్గు అప్పటికింకా రాలేదు). పెళ్లయిన మరుసటేడు మా ఆవిడ సముద్రం చూస్తానంది. వైజాగ్ రైల్వేస్టేషన్లో దిగగానే, "మీరు రెండేండ్లున్నరు గద, ఎటు పోవాలె?" అని అడిగింది. రెండు గంటలు ఆటోలో తప్పు దారులన్నీ తిప్పాక ఒక మలుపు దగ్గర చెవుల్లో పడింది. ముందు కనపడలేదు, వినపడింది. అక్కడే ఆపమన్నాను. ఆటో దిగి, ఇసుకలో నిలబడి, మామ్మకు ఫోను కలిపి, నీళ్లవైపు చాచి పట్టుకున్నాను.

"మోటారు మార్చావేంట్రా అబ్బాయ్? చప్పుడు బాగుంది," అంది. వెంటనే, "రుచి చూశావా?" అని గద్దించింది.

వంగి వేలు ముంచి నాలిక మీద రాసుకున్నాను. "సరిపోయింది మామ్మా." వెనక నుంచి మా ఆవిడ, "గదేంది, ఎన్నడు సూడనట్టు గట్ల నాకుతున్నరు?" అంది. ఆమెకు ఆ సాయంత్రం అంతా చెప్పేశాను, అక్కడున్న రెండు రోజులూ, ఇంటికొచ్చాక వారం రోజులూ నవ్వింది. రాగానే బోర్డు మీద 'ఏండ్ల' అన్న మాట చెరిపించాను. 'రెండు', 'అనుభవం' మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఎవరైనా గిరాకీ వచ్చి, "వైజాగ్ల ఎన్నాళ్లున్నరు సార్?" అంటే, "రెండు," అంటాను. ఏళ్లా, రోజులా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.