అట్ట మీదికి రాని పేరు

మిమ్మల్ని మీరు తగ్గించుకోమని మైకులో చెప్పే మనిషి తన ఫొటో ఎంత పెద్దదిగా వేయించుకున్నాడో ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. తొంభైల చివర్లో మదనపల్లెలో మా సంఘం తెచ్చిన పాటల క్యాసెట్టు అట్ట నిండా కోటు వేసుకున్న మా పాస్టరుగారే. వెనుకవైపు 'రచన, సంగీతం' అన్న మాటల కింద 'సర్వ మహిమ దేవునికే' అని ఉంది.

అందులో జనం నోట పడిన పాట నాది. అప్పటికి ఎనిమిదేళ్లుగా ఆ సంఘంలో కీబోర్డు వాయిస్తున్నాను. పాటగాడిగా నాలుగు ఊళ్లకు తెలియాలని నాకు ఆశ. దాన్ని పాపమని ఇప్పటికీ అనుకోను. నేరుగా వెళ్లి అడిగాను.

"నా పేరు యాడా లేదే, అయ్యగారూ?"

"పరలోకంలో రాసుండాది కదప్పా. ఈ అట్ట మీద యాల?"

"మరి మీ ఫొటో?"

"జనం గుర్తుపట్టద్దా? నీకు గర్వం వస్తాండాది. పోయి ప్రార్థన చేసుకో."

మరుసటి ఆదివారం నన్ను స్టేజీ దింపారు. మా సంఘాల్లో ఇదొక పద్ధతి. వాయించేవాడు ఎదురు మాట్లాడితే, తగ్గింపు నేర్చుకోమని వెనక వరసలో కూర్చోబెడతారు. వాద్యం ముట్టకూడదు. మూడు నెలలు కూర్చున్నాను. నా పాటనే ఇంకొకరు శ్రుతి తప్పి వాయిస్తుంటే చప్పట్లు కొట్టాను. ప్రశ్న అడగడం గర్వమైతే, జవాబు దాటవేయడాన్ని ఏమనాలి? అంతమందిలో ఒక్కరూ ఆ మాట అనలేదు.

ఆ కోపంలోనే, కుప్పంలో వేరే సంఘంవాళ్లు సభలకు పిలిస్తే వెళ్లాను. పాట కట్టిన సహోదరుడంటూ మైకులో నా పేరు చెప్పారు. శాలువా కప్పారు. నేను తలవంచి "మహిమ దేవునికే" అన్నాను. ఎంత వంచితే అంత బాగా కనిపిస్తానని నాకు తెలుసు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకామె వచ్చింది. ఆమెది పుంగనూరు అవతల, పెద్దపంజాణి వైపు పల్లె. కుప్పంలో కూతురింటికి వచ్చిందట.

"వందనాలు నాయనా. బాగ పాడితివి. పల్లవి మాయమ్మది కదా."

"ఏ అమ్మ?"

"మా ఇంట్లో ప్రార్థన పెట్టినప్పుడు నువ్వు రాలా? మాయమ్మ చెనక్కాయలు ఒలస్తా పాడతా ఉంటే, ఇంగోసారి పాడవ్వా అని కాయితం మీద రాసుకుంటివే."

గుర్తొచ్చింది. పల్లవి రెండు వరుసలూ, ఆ రాగమూ ఆ ముసలామెవే. చరణాలు మాత్రమే నేను అల్లాను. పాట మొత్తం నాదేనని ఎంతగా నమ్మేశానంటే, ఆ కాగితం సంగతే మరిచిపోయాను.

"అవ్వ బాగుండాదా?"

"పోయి ఏడాదాయె. ఆయమ్మ పేరు ఒక మాట చెప్పుంటే బాగుండు."

అప్పుడు నా నోట వచ్చిన మాట ఇది: "పేర్లదేముందమ్మా, మహిమ దేవునికే కదా."

ఆమె నా భుజం మీది శాలువా వైపు చూసింది. "దేవునికే నాయనా. నీ పేరు మాత్రం రెండుతూర్లు చెప్పిరి" అని విస్తరి తీసుకుని వెళ్లి కూర్చుంది.

మైకు ఇంకా ఆపలేదు. స్టేజీ పది అడుగుల దూరంలో ఉంది. వెళ్లి చెప్పవచ్చు. వెళ్లలేదు. అవ్వ పేరేమిటని అడగను కూడా లేదు.

కొన్నేళ్లకు ఆ క్యాసెట్టు పాటలే సీడీగా వస్తున్నాయనీ, ఈసారి పేర్లు వేస్తామనీ కబురు వచ్చింది. అప్పుడు పరుగెత్తాను పెద్దపంజాణి వైపు ఆ పల్లెకు. ఇంటికి తాళం. కూలిపనికి బెంగళూరు పోయారన్నారు. కుప్పంలో కూతురి ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు.

"ఆ అవ్వ పేరేందమ్మా?" అని పక్కింటామెను అడిగాను.

"అందరం అవ్వా అనే అంటా ఉంటిమి సార్. పేరు తెలీదు. అయినా ఇన్నేండ్లకు యాల మీకు?"

బస్సెక్కి తిరిగొచ్చాను. సీడీ మీద నా పేరొక్కటే అచ్చయింది. నా పేరూ వేయవద్దని అనలేకపోయాను. పాస్టరు ఏ మాటతో నన్ను చెరిపేశాడో, అదే మాటతో నేను ఆమెను చెరిపేశాను. ఆయన మీద కోపం ఇంకా చల్లారలేదు, నా మీద అంతకన్నా.

స్టేజీ ఎక్కే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, తలలు వంచడం ఆపండి. మీ పాటలో ఇంకొకరి నోటి వరుస ఒక్కటున్నా ఈ వారమే వాళ్లింటికి వెళ్లండి. పేరు అడిగి రాసుకోండి. బతికి ఉండగానే వాళ్లను వెంటబెట్టుకొచ్చి, మీ మైకు వాళ్ల చేతికివ్వండి.