కనక నాటిన కంచె

ముంచింగిపుట్టు దాటి కొండెక్కితే ఇరవై గడపల ఊరు ఒకటుంది. కనక ఆ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో మేకలు చోడిచేను మేసిపోతుండేవి. మొగుడు ధర్మ ఎన్నిసార్లు ముళ్లకంచె కట్టినా వానలకు చివికిపోయేది. ఒకరోజు ఆమె సంతనుంచి వస్తూ రోడ్డు పక్కన ఒక పొద చూసింది. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబి పూలు, వాటిమీద ముసురుకున్న సీతాకోకచిలుకలు. పక్కనే మేస్తున్న మేకలు ఆ ఆకు వాసన చూసి ముఖం తిప్పుకున్నాయి. కనక నాలుగు కొమ్మలు విరిచి తెచ్చి చేను గట్టున గుచ్చింది. బతికాయి. ధర్మ మెచ్చుకుని, మరుసటి వారం తనే ఒక మోపు తెచ్చాడు. ఆఫీసర్లు దాన్ని లాంటానా అంటారు. ఊళ్లో కంపపూలు అన్నారు.

రెండేళ్లు చేను భద్రంగా ఉంది. తర్వాత నల్లగా పండిన కాయల్ని పిట్టలు తిని కొండంతా రెట్ట వేశాయి. రెట్ట పడిన చోటల్లా మొక్క లేచింది. దాని నీడన గడ్డి మొలవలేదు, దుంపలు ఊరలేదు. ఊరివాళ్లు మాఘమాసంలో కోసుకునే కొండచీపుళ్లు ఏటికేడు పైకి తప్పుకున్నాయి. ఒక కరువు వేసవిలో వేరే మేత దొరక్క మరిది గంగరాజు ఆవు ఆ ఆకు తింది. ముట్టె పుండ్లు పడి, ఎండకు నిలవలేక, తొమ్మిదో రోజున చచ్చిపోయింది. కనక ఆ రోజు గంగరాజు ముఖం చూడలేకపోయింది.

కొమ్మలు నాటిన పన్నెండో ఏట చీపుళ్ల కోసం మొగుడూ పెళ్లాలు పొద్దున్నే బయలుదేరారు. దారి పొదల మధ్య సొరంగంలా ఉంది. వంగి నడవాలి. ధర్మ ముందు, కనక వెనక. పండ్లు తింటూ పొదలో పడుకున్న ఎలుగుబంటి వాళ్ల అలికిడికి లేచింది. తప్పుకోవడానికి అటూ ఇటూ చోటు లేదు. కనక కొడవలితో కొమ్మలు నరుక్కుంటూ కేకలు పెట్టింది. ఎలుగు వదిలిపోయేసరికి ధర్మకు ముఖంలో సగం లేదు. డోలీ కట్టి రోడ్డుకు దించారు. అంబులెన్సు వచ్చేలోపే పోయాడు.

దినాలయ్యాక కనక గునపం పట్టుకుని వెళ్లింది. మొదట నరికింది. నరికిన చోట నాలుగు చిగుళ్లు వేశాయి. కాల్చింది. వానల తర్వాత మరింత ఒత్తుగా లేచాయి. అప్పుడు మొదట్లో మట్టి తవ్వి, వేరు ముడి కింద తెగ్గొట్టి, తలకిందులుగా ఆరబెట్టడం మొదలుపెట్టింది. పండు పడకముందే ఆ పని చెయ్యాలని ఒక ఏడాది పోగొట్టుకుని నేర్చుకుంది. చేతులు చీరుకుపోయి చీము పట్టాయి. మొగుడు పోయి మతి చెడిందనుకున్నారు.

గంగరాజు ఒకరోజు వెళ్లి, "కొండంతా నువ్వే నాటేసినావేటి వొదినా? పిట్టలు సేసిన పనికి నువ్వెందుకు ఒళ్లు పాడు సేసుకుంటన్నావు?" అన్నాడు.

కనక గునపం ఆపలేదు. "మొదటి కొమ్మ నాను తెచ్చినాను. మీ అన్న మెచ్చుకున్నాడు. నీ ఆవు సచ్చినప్పుడే ఇది నా వల్లేనని సెప్పుంటే నలుగురూ కలిసి తవ్వుదురు. బయపడి ఊరుకున్నాను."

గంగరాజు తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. తర్వాత ఊరికి దిగిపోయాడు. వారం పాటు ఆమె గడప తొక్కలేదు. ఎనిమిదో రోజున అతని పెళ్లాం నూకరత్నం తన గునపంతో కొండెక్కింది. మొగుడు పంపాడో, తనంతట తనే వచ్చిందో ఆమె చెప్పలేదు, కనక అడగలేదు.

నాలుగేళ్లకు ధర్మ పడిపోయిన చోటు మొదలుకుని ఊరిదాకా ఒక పట్టీ తెరుచుకుంది. ఇద్దరు మనుషులు పక్కపక్కనే నిటారుగా నడవొచ్చు. పోయిన మాఘంలో అక్కడక్కడ కొండచీపురు కంకులు తీసింది. మిగతా కొండ ఇంకా పూలతోనే ఉంది. సెలవుల్లో వచ్చేవాళ్లు కార్లు ఆపి దాని ముందు ఫొటోలు దిగుతారు. వాన పడ్డప్పుడల్లా తవ్విన నేలలో వేలకొద్దీ మొలకలు లేస్తాయి. వాటిని తోటికోడళ్లిద్దరూ గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటే వేరుతో సహా పీకుతారు.